ప్రీమూవ్ బాబాయి

బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎదుటివాళ్ళ ప్రశ్న పూర్తికాకముందే సమాధానం చెప్పేస్తాడు. బీపీ లేదు, షుగర్ లేదు, మోకాళ్ళ నొప్పులు లేవు. ఆయనకి లేని ఆ రోగాలన్నీ ఆయన వల్ల చుట్టుపక్కలవాళ్ళకి వచ్చాయి.

"ఏమండీ, ఇవాళ కూర..." అంటుంది పిన్ని వంటింట్లోంచి.

"బావుంది," అంటాడు బాబాయి.

"ఇంకా పొయ్యి మీద పెట్టలేదు."

"పెట్టాక బావుంటుంది."

ఇలాంటి మనిషిని రైల్వేవాళ్ళు ఏరికోరి విచారణ కౌంటర్లో కూర్చోబెట్టారు. కిటికీ దగ్గరికి వచ్చినవాడి సంచి, చెప్పులు, చెమట చూసి ప్లాట్‌ఫారం నంబరు చెప్పేస్తాడు. పదిమందిలో తొమ్మిదిమందికి సరిగ్గా సరిపోతుంది. ఆ పదోవాడే పాపం. ఒకాయన మరుగుదొడ్డి ఎక్కడని అడగడానికి వచ్చి "అయ్యా, ఇక్కడ..." అన్నాడో లేదో, "నాలుగో నంబరు, కదిలిపోతోంది, పరిగెత్తండి!" అన్నాడు బాబాయి. ఆ గొంతులో కంగారుకి ఆయనా కంగారుపడి పరిగెత్తి రైలెక్కేశాడు. పని మాత్రం రైల్లోనే తీరింది గానీ, తీరా బయటికి వచ్చి చూసుకుంటే పక్క ఊళ్ళో ఉన్నాడు. ఇంకోసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు "మీరు ఈ ఉద్యోగంలో ఎంతకాలంగా..." అని మొదలుపెడితే "రెండు గంటలు ఆలస్యం" అని కిటికీ మూసేశాడు.

పళ్ళ డాక్టరు దగ్గరా అంతే. "నొప్పి ఎడమవైపా, కు..." అని ఆయన అడుగుతుంటే "ఎడమ!" అన్నాడు. ఎడమవైపు నిక్షేపంలాంటి పన్ను ఊడింది. నొప్పి పెడుతున్న కుడిపన్ను మాత్రం నోట్లోనే భద్రంగా ఉంది. ఎడమవైపు ఖాళీలో పెట్టడానికి కట్టుడుపన్ను చేసి ఇచ్చింది బాబాయి అన్నకూతురే. ఆ అమ్మాయికి కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో ఉద్యోగం. ఇంట్లో అందరూ ఆమెని నిదానం అంటారు.

బాబాయికి ఈ జబ్బు చదరంగం వల్ల వచ్చిందని ఊరందరి నమ్మకం. ఫోన్లో బ్లిట్జ్ ఆడతాడు. ఆటగాళ్ళకి చెరో మూడు నిమిషాలు, గడియారం ఖాళీ అయినవాడు గెలిచే ఆటైనా ఓడినట్టే లెక్క. అందులో ప్రీమూవ్ అని ఒక సదుపాయం ఉంది. అవతలివాడు ఎత్తు వెయ్యకముందే మన ఎత్తు వేసి పెట్టుకోవచ్చు. వాడు మనం అనుకున్నదే వేస్తే మనకి క్షణం కూడా ఖర్చుకాదు. ఇంకోటి వేస్తే కొంప మునుగుతుంది. బాబాయి ఆటలో సగం ఎత్తులు ఇలాంటివే. బంట్లని చిల్లరలా విసిరేసి, మంత్రిని ముందుకు తోసి, అవతలివాడు ఊపిరి పీల్చుకునేలోపు రాజు మీద పడతాడు. చదరంగం క్లబ్బులో ఆయన్ని ఓడించినవాళ్ళు లేరు. ఆయనతో మాట్లాడి గెలిచినవాళ్ళూ లేరు.

నిదానం ఆట దీనికి పూర్తిగా వ్యతిరేకం. కోటలా కట్టుకుని, నాలుగువైపులా చూసుకుని, ఆణిముత్యంలాంటి ఎత్తు వెతికి పట్టుకునేసరికి గడియారం సున్నా కొట్టేది. మాటలోనూ అంతే. చిన్నప్పటి నుంచి నత్తి. మాట లోపల సిద్ధంగానే ఉంటుంది, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తట్టుకుంటుంది. ఆ మాట పడిపోతుందేమోనని ఇంటిల్లిపాదీ చేతులు చాచేవాళ్ళు. "ప... ప..." అంటే చాలు, "పాలా? పండా? పరుపా?" అని మూడూ తెచ్చి ముందు పడేసేవాళ్ళు. ఆ పిల్ల చెప్పబోయింది "పక్కకి జరగండి, గాలి ఆడటంలేదు" అని.

అందుకే ఆమెకి ఆన్‌లైన్ ఆటంటే ప్రాణం. అక్కడ తన ఎత్తు తనే వెయ్యాలి. జాలిపడి మధ్యలో దూరి ఎవరూ వెయ్యలేరు. క్లబ్బు ఆన్‌లైన్ లీగుకి నలుగురి జట్టుని పంపుతోందని తెలిసినప్పుడు ముగ్గురి పేర్లు అప్పటికే ఖాయమయ్యాయి. నాలుగో స్థానం కోసం నిదానం కెప్టెన్ దగ్గరికి వెళ్ళింది. కెప్టెన్‌కి డ్రైవింగ్ స్కూలు ఉంది. మనుషులందరూ తన దగ్గర బండి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళేనని ఆయన అభిప్రాయం.

"సార్, నా... నాలుగో..."

"నాలుగోది వద్దంటావు, అంతేగా? మంచిపని. నీకు టైము చాలదమ్మా."

"కా... కావాలి!"

ఆయన బ్రేకు మీద కాలేసినవాడిలా ఆగి, బుర్ర గోక్కున్నాడు. "సరే. జట్టులో ఉన్న ముగ్గురిలో ఎవరో ఒకర్ని ఒక్క ఆట ఓడించు. ఎవరో నువ్వే ఎంచుకో. ఆదివారం, అందరి ముందూ. ఓడితే మళ్ళీ అడగకూడదు."

ఆ ముగ్గురిలో బాబాయి ఒకడు. నిదానం ఆ సాయంత్రమే ఆయన దగ్గర శిష్యరికానికి చేరింది.

భోజనాల బల్లకి అటొకరు, ఇటొకరు ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు. బాబాయి పాఠాలు తిట్ల మధ్యలో దొర్లేవి.

"ఏమిటా వెతుకులాట? ముక్కుపుడక పోయిందా? మంచి ఎత్తు వెతక్కే తల్లీ. చెడ్డది కానిది దొరికితే వేసి పారెయ్!"

ఇంకో రోజు, "పూటకో కొత్త ఆరంభం ఎందుకు? ఒక్కటే పట్టుకో. ఇంటికి రోజూ వచ్చే దారిలా కాళ్ళకే తెలిసిపోవాలి. మిగిలిన టైము మధ్యలో గొడవలకి దాచుకో. అవతలివాడు ఆలోచిస్తుంటే నువ్వూ ఆలోచించు, అది వాడి గడియారం మీద ఊరికే వచ్చే ఆలోచన."

"వరసగా రెండు ఓడితే ఫోను పక్కన పడెయ్. మూడోది బుర్రతో ఆడవు, పగతో ఆడతావు." ఈ సూక్తి చెప్పిన రోజే ఆయన ఎవడి చేతిలోనో రెండు ఓడి, పగ తీర్చుకుంటూ పొయ్యి మీద పాలు పొంగించి, గిన్నె మాడ్చి, పిన్ని చేత మూడోదిగా చీవాట్లు తిన్నాడు.

శిష్యరికంలో నిదానం ఓడిన ఆటలకి లెక్కలేదు. అయితే రెండుసార్లు గెలిచింది. మొదటిసారి బాబాయి ఎత్తు వెయ్యాల్సి ఉండగా ఆమెకి ల్యాబు సంగతి ఒకటి గుర్తొచ్చింది. "బాబాయ్, ని... నిన్న ఒకాయన ప... పళ్ళసెట్టు..." అని మొదలుపెట్టింది. ఒకాయన తన పళ్ళసెట్టు వదిలేసి భార్యది పెట్టుకుని వచ్చి, ఇది నన్ను కరుస్తోందని ఫిర్యాదు చేసిన కథ అది. అది పూర్తయ్యేసరికి బాబాయి గడియారం ఖాళీ అయిపోయింది. "పోయింది ఆట. నీ అదృష్టం," అన్నాడు, కథకి నవ్వుతూ. రెండోసారీ అలాగే జరిగింది.

తన కోటలాంటి ఆటకి బాబాయంతటివాడు ఆలోచనలో పడిపోయాడని నిదానం ముచ్చటపడింది. ఆ మాటకొస్తే లోకంలో అందరి మాటా మధ్యలో నరికే మనిషి తన మాట మాత్రం ఎప్పుడూ నరకలేదు. తనని అంచనా వెయ్యడం ఆయన తరం కాదని చిన్నప్పటి నుంచి ఆమెకి కాస్త గర్వం. ఆ గర్వంతోనే కెప్టెన్‌కి బాబాయి పేరు చెప్పేసింది.

ఆ సంగతి చెబితే పిన్ని గరిటె పట్టుకునే నవ్వింది.

"ఆయన్ని ఆలోచనలో పడేశావా? పిచ్చిమొహమా, ఆయన ఆటే చూడలేదు. వేలు ఫోను మీద పెట్టుకుని నీ మొహమే చూస్తూ కూర్చున్నాడు. నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో ఎత్తు వేస్తాడా!"

"ఎ... ఎందుకు?"

పిన్ని పొయ్యి తగ్గించి కూర్చుంది. "పెళ్ళైన కొత్తలో మీ బాబాయి ఎలా ఉండేవాడనుకున్నావ్? కాఫీ కావాలా అంటే పావుగంట ఆలోచించేవాడు, చల్లారిపోయేది. నీకు ఆరేళ్ళున్నప్పుడు ఒకరోజు ఇక్కడే భోజనాలకి కూర్చున్నాం. నువ్వు నోరు తెరిస్తే చాలు, మీ అమ్మొక మాట, మీ నాన్నొక మాట, నేనొక మాట అందిస్తున్నాం. నీకు ఒళ్ళుమండి కంచం తోసేసి లేచిపోయావు. అంతే, ఆయనకి పూనకం వచ్చింది. మీ నాన్న 'ఒరేయ్, ఆ మంచినీళ్ళు...' అంటే 'తాగను' అన్నాడు. నేను 'ఏమండీ' అంటే 'బావుంది' అన్నాడు. ఒక్కడి మాట సాగనిస్తే ఒట్టు. నువ్వు గుమ్మం పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, మళ్ళీ వచ్చి అన్నం తిన్నావు."

"త... తరవాత?"

"ఏమిటండీ ఈ వేషాలని అడిగా. 'ఇంట్లో ఎవరి మాటా పూర్తికాకపోతే, దానిదొక్కటే పూర్తికాలేదని ఎవరికి తెలుస్తుందే' అన్నాడు. చదరంగమంటావా, అది ఆ తరవాత పట్టుకున్నాడు. ఈ మాటలు నరకడం మాత్రం నీ కోసం మొదలుపెట్టాడు, ఇక మానడం చేతకాలేదు. ఈ ఇంట్లో పాతికేళ్ళుగా పూర్తిగా మాట్లాడిన మనిషివి నువ్వొక్కదానివే. మేమందరం ముక్కలు ముక్కలుగా బతుకుతున్నాం."

నిదానానికి బాబాయి మీద కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది, దాని వెనకే భయమూ వచ్చింది. ఆదివారం ఆటలో తను ఒక్క మాట మొదలుపెడితే చాలు, ఆయన ఆగిపోతాడు, గడియారం అయిపోతుంది, నాలుగో స్థానం తనకి వచ్చేస్తుంది. ఆ గెలుపూ మళ్ళీ ఎవరో అందించిన మాటే అవుతుంది. నోరు విప్పకూడదని ఒట్టేసుకుంది.

ఆదివారం డ్రైవింగ్ స్కూలు మేడమీద గది నిండిపోయింది. గోడలనిండా "మలుపు ఉంది", "నెమ్మదిగా వెళ్ళండి" అని బోర్డులు. పాఠాలు చూపించే టీవీలో ఆట కనిపించే ఏర్పాటు చేశాడు కెప్టెన్. పిన్ని వంట మానేసి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఆట మొదలైంది. నిదానం రోజూ వేసే ఆరంభమే చకచకా వేసింది. బాబాయి బంటుని విసిరి మంత్రిని దూకించాడు. కాసేపటికి ఆయన తల ఎత్తి చూశాడు.

"ఏదో అనబోయావు?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"దాహమేస్తోందా? ల్యాబులో ఏమైనా..."

మళ్ళీ అడ్డంగా ఊపింది. ప్రశ్న వినే ఓపికలేని మనిషి ఒక ప్రశ్న కోసం అలా బతిమాలడం చూసి పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆట మధ్యలో మాటలొద్దు!" అన్నాడు కెప్టెన్.

ఇద్దరి గడియారాలూ అడుగంటాయి. బాబాయి మంత్రితో ఏటవాలుగా ఆమె రాజుకి చెక్ చెప్పాడు. రాజుని మూలకి జరపడం ఎవరైనా కళ్ళు మూసుకుని చేసేదే. జరపగానే రెండో వరుసలో దిక్కులేకుండా నిలబడ్డ బంటుని మంత్రితో కొట్టెయ్యచ్చు. ఆయన ఆ దెబ్బ అప్పుడే వేసిపెట్టుకుని ఉంటాడని నిదానానికి తెలుసు. కూర పొయ్యెక్కకముందే బావుందనే మనిషి!

ఆమె రాజుని కదపలేదు. ఏనుగుని ఒక గడి పైకి జరిపి రాజుకి అడ్డం పెట్టింది. ఇప్పుడు ఆ వరుసంతా ఏనుగు కాపలాలో ఉంది. మరుక్షణం బాబాయి మంత్రి తనంతట తనే దూకి బంటుని కొట్టింది. ఏనుగు వెళ్ళి మంత్రిని కొట్టింది.

"అయ్యయ్యో!" అని బాబాయి బల్ల మీద చరిచాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెవులతో నటించడం ఎవరికీ సాధ్యం కాదు గనక అది నికార్సయిన ఓటమేనని నిదానానికి ధైర్యం వచ్చింది. ఇంకో నాలుగు ఎత్తులకి ఆయన చేతులెత్తేశాడు.

"నాలుగో స్థానం ఈ అమ్మాయిదే," అన్నాడు కెప్టెన్. "ఏమ్మా, ఏమంటావు? చాలా స..." అని సంతోషం అనే మాట అందించబోయి, పిన్ని చూపుకి నోరు మూసుకున్నాడు.

గదంతా ఆమె వైపు చూసింది. నిదానం చేతిలో ఫోను బ్యాటరీ ఆఖరి ఊపిరి పీలుస్తోంది. ఆమె బాబాయి వైపు తిరిగింది.

"బాబాయ్, అ... అసలు..."

"నీ కోసమేం కాదు!" అన్నాడు బాబాయి గబుక్కున. "మీ పిన్ని చెప్పేవన్నీ నమ్మకు. నాకు పుట్టుకతోనే తొందరెక్కువ."

పాతికేళ్ళలో ఆయన ఆమె మాట నరకడం అదే మొదలు. నిదానం తీరిగ్గా, ఒక్క అక్షరం కూడా వదలకుండా, తన ప్రశ్న పూర్తిచేసింది.

"అ... అసలు... ఛా... ఛార్జర్ ఎక్కడ పె... పెట్టావ్?"

పిన్ని పకపకా నవ్వింది. బాబాయి ఎర్రబడిన చెవి ఒకటి రుద్దుకున్నాడు. గోడ మీది "మలుపు ఉంది" బోర్డుని కాసేపు శ్రద్ధగా చదివాడు. ఛార్జర్ ఆయన చొక్కా జేబులోంచి వేలాడుతూనే ఉంది. అయినా ఆ ఒక్క ప్రశ్నకి సమాధానం చెప్పడానికి ఆయనకి చాలాసేపే పట్టింది.