చక్రాలు నేలకు ఆనాకే

మా పెద్దబ్బాయి పోయాడండి. జ్వరమని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తన కాళ్ళ మీద నడిచి లోపలికి వెళ్ళాడు. మోసుకుని తెచ్చుకున్నాం. తెనాలిలో రేపల్లె రోడ్డు మీద, మా ఇంటిని ఆనుకునే వాడి కార్ల షెడ్డు. ఇవాళ ఇక్కడికి వచ్చిన మీలో కొంతమంది వాడి దగ్గరికి కారు తెచ్చే ఉంటారు. తెచ్చినవాళ్ళకి వాడి చేతి పని తెలుసు. తల్లిని కాబట్టి నాకు తెలిసింది నేను చెబుతాను.

వాడి దగ్గరికి ఎక్కువగా వేగం కార్లు వచ్చేవి. తెచ్చినవాళ్ళంతా ఇంకా వేగంగా పోవాలనే అడిగేవారు. వాడు బానెట్ ఎత్తేవాడు కాదు, ముందు కారు కిందకి దూరేవాడు. "అన్నా, ముందు వంపులో కుదురుగా నిలబడనివ్వు, తర్వాత పరిగెత్తిద్దాం" అనేవాడు. ఆ మాట ఎంతమందితో అన్నాడో. వంటింట్లో ఉన్నా నాకు వినపడేది.

అన్నం తినేటప్పుడు కంచం పక్కన ఏదో ఒక పాత ముక్క పెట్టుకుని చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏంట్రా ఇది, అన్నం దగ్గర?"

"బుష్ అమ్మా. ఇనప గొట్టం చుట్టూ రబ్బరు. కారు కింద చక్రాన్ని పట్టుకుని ఇనప చేతులుంటాయి కదా, అవి బాడీకి కలిసే చోట ఉంటుంది. ఇనుము ఇనుము కొట్టుకోకుండా."

"బానే ఉందిగా మరి."

"నొక్కి చూడు."

నొక్కితే బొటనవేలి కింద రబ్బరు నోరు తెరిచింది. లోపలంతా పగుళ్ళే. "ఇలా అయితే స్టీరింగ్ ఒకటి చెబుద్ది, చక్రం ఇంకోటి చేస్తది" అన్నాడు. అలాంటివన్నీ తీసేసి, మామూలు వాటికంటే గట్టి రబ్బరువి ఎక్కించేవాడు. పాతవి మాత్రం కారు గలాయన కళ్ళారా చూసేదాకా పారేసేవాడు కాదు.

ఇంకొకటి స్వే బార్ అని ఉంటుంది. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే వంపు కడ్డీ. అది తీసి లావుది వేసేవాడు. ఎందుకురా అంటే, "బురద చేలో ఇద్దరు చేతులు పట్టుకుని నడిచినట్టమ్మా. ఒకళ్ళు ఒరిగితే రెండోవాళ్ళు లాగుతారు" అన్నాడు. మరీ లావుది వేస్తే ఇంకా మంచిదేగా అన్నాను. "అప్పుడు ఒకళ్ళు పడితే ఇద్దరూ పడతారు" అని నవ్వాడు. నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా చెప్పేవాడు. చెప్పడానికి విసుక్కున్న రోజు నాకు గుర్తులేదు.

వాడి చెవి కూడా అలాంటిదే. ఒకసారి బాపట్లలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళి, రేపల్లె మీదుగా తిరిగి వద్దామని అటు బస్సెక్కాం. కర్లపాలెం దాటాక ప్రతి గుంటకీ ముందు నుంచి కిర్రుమని చప్పుడు. వాడు ముందుకెళ్ళి చెప్పాడు.

"డ్రైవరన్నా, ఎడమ పక్క చక్రం మీది కమాను కట్ట బుష్ పోయిందండి."

"నువ్వెక్కిన కాణ్ణుంచే మొదలైంది తమ్ముడూ. దిగితే ఆగుద్దేమో చూద్దాం."

బస్సంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ మావాడే నవ్వాడు. రేపల్లెలో దిగాక మాత్రం ఉతికిన తెల్ల చొక్కాతోనే కింద చతికిలబడి బస్సు కిందకి తల పెట్టాడు. డ్రైవరు గొణుక్కుంటూనే వచ్చి పక్కన కూర్చున్నాడు. కిందకి చూశాక ఆయన గొణుగుడు ఆగిపోయింది. ఇద్దరూ అలా మాట్లాడుకుంటుంటే నేను మా చెల్లెలు ఇచ్చిన రొయ్యల సంచి పట్టుకుని ఎండలో నిలబడ్డాను.

వాడి పనిలో నాకూ ఒక భాగం ఉండేది. కొత్త బుష్‌లు ఎక్కించాక బోల్టులు చేత్తో తిప్పి వదిలేసేవాడు. కింద నిలబడి పని చేసుకోడానికి షెడ్డులో తవ్వించిన గొయ్యి మీదకి కారుని తెచ్చి, చక్రాలు నేలకు ఆనించి, తోలే మనిషి సీట్లో బరువు పడ్డాక, అప్పుడు గొయ్యిలోకి దిగి బిగించేవాడు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడిపోతుందట. ఆ మెలితోనే తిరిగి తిరిగి చిరిగిపోతుందట. కారు గలవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి వదిలేసి పోయేవారు. వాడి తోటి అబ్బాయి గొయ్యిలో లైటు పట్టేవాడు. అందుకని ఆ బరువుకి నన్ను పిలిచేవాడు.

"అమ్మా, వచ్చి కూర్చో!"

"నన్ను ధాన్యం బస్తా అనుకున్నావురా?"

"బస్తా అయితే నోరు మూసుకుని కూర్చుంటదమ్మా. కదలకు."

చిక్కుడుకాయలు ఒళ్ళో పోసుకుని ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని. కింద బోల్టు సరిగ్గా బిగిసినప్పుడల్లా పానా టక్కుమనేది. ఎన్ని కార్లు అలా నా బరువుతో బిగిశాయో నాకు తెలీదు. ఒక్కదాన్నీ తోలలేదు.

జ్వరం వచ్చేనాటికి షెడ్డులో ఒక ఎర్ర కారు జాకీల మీద ఉంది. రేపల్లె దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒకాయనది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. వెనకవైపు బుష్‌లన్నీ మార్చేశాడు, లావు స్వే బార్ కూడా తగిలించాడు. "రేపు కిందకి దించుతాలే అమ్మా" అని పడుకున్నాడు. దించలేదు.

పెద్దకర్మ అయ్యేదాకా షట్టరు ఎత్తలేదు. కారాయన పెద్దకర్మకి వచ్చి భోజనం చేసి వెళ్ళారే కానీ కారు ఊసెత్తలేదు. చుట్టాలే అన్నారు, ఇంకో బండి మీద ఎక్కించి వేరే ఊళ్ళో ఏ షెడ్డుకన్నా పంపించేయండి, వాళ్ళు చూసుకుంటారు అని. నాకు మనసొప్పలేదు. అది మావాడు ఆఖరున చేత్తో ముట్టుకున్న పని. ఎవరో విప్పి చూసి, ఇదేం పని అంటే నేను తట్టుకోలేను. అది వాడి పనిలాగే ఈ షెడ్డులోంచి బయటికి పోవాలి. నాకు అదొక్కటే ఉంది అప్పటికి.

వాడితో కలిసి షెడ్డు నడిపే పొన్నూరు అబ్బాయి వచ్చి షట్టరు ఎత్తాడు. పొద్దుటి నుంచి నేను వంటింట్లోనే ఉన్నాను, పిలుపు కోసం చెవి అటే వేసి. ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నానికి అతను సబ్బుతో చేతులు తోముకుంటూ కనిపించాడు.

"అయిపోయిందమ్మా. సార్‌కి ఫోన్ చేశా, బయల్దేరారు."

"ఎక్కడ బిగించావు నాయనా?"

అతను కుళాయి వైపే చూస్తున్నాడు. "జాకీల మీదే బిగించేశానమ్మా."

"అదేంటి, నీకు తెలీదా?"

"తెలుసమ్మా. దించితే మిమ్మల్ని పిలవాలి కదా. నోరు రాలేదు."

తువ్వాలు అందించాను.

కారాయన వచ్చేసరికి పొన్నూరు అబ్బాయి కారుని దించి గొయ్యి మీదకి తెచ్చాడు, ఆయనకి దాచకుండా చెప్పాడు. "సార్, తప్పు చేశాను. జాకీల మీదే బిగించేశాను, అన్నీ మళ్ళీ వదులు చేసి, బరువు మీద బిగించాలి. మీరే సీట్లో కూర్చోండి, తోలేది మీరేగా." ఆయన తలుపు తీసి, కాలు లోపల పెట్టబోయి ఆగారు.

"అక్కగారూ, పోయినేడు ముందువైపు బుష్‌లు మార్చినప్పుడు ఎవరు కూర్చున్నారు?"

"నేనేనండి."

"అప్పట్నుంచీ బాపట్ల దాకా గీత గీసినట్టు పోయేది నా కారు. మీరే కూర్చోండి."

"నా బరువూ మీ బరువూ ఒకటి కాదు కదండీ."

"నా బరువుకి కారు సరిపోదు, లారీ కొనుక్కోమని మీవాడే అన్నాడు లెండి."

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. ఎప్పుడన్నాడో, ఎలా అన్నాడో నా కళ్ళకి కట్టింది. వెళ్ళి కూర్చున్నాను. ఆ సీటు బాగా కిందకి ఉంటుంది, కాళ్ళు చాపుకోవాల్సి వచ్చింది. గొయ్యిలో పొన్నూరు అబ్బాయి ఒక్కో బోల్టూ వదులు చేస్తుంటే కారు కొంచెం కొంచెం సర్దుకోవడం నా నడుముకి తెలిసింది. ఇంతసేపూ బిగబట్టుకుని ఉన్న మనిషి ఒళ్ళు వదిలినట్టు. తర్వాత పానా మొదలైంది. ఒక్కో టక్కుకీ కళ్ళు మూసుకున్నాను. కారాయన బయట నిలబడి, చెప్పులు విడిచి ఉన్నారు. ఎందుకు విడిచారో ఆయన్ని అడగలేదు.

పని అయ్యాక ఆయన తోలుకుని బయల్దేరారు. మేమిద్దరం షట్టరు దగ్గరే నిలబడ్డాం. మా షెడ్డు దాటాక రోడ్డు కాలవ పక్కకి గట్టిగా తిరుగుతుంది. అక్కడ ఎవరి కారైనా కాస్త ఒరగాల్సిందే. ఆయన వేగం తగ్గించలేదు. ఎర్ర కారు బల్లపరుపుగా తిరిగి, తుమ్మచెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. పొన్నూరు అబ్బాయి వచ్చి నా మోచెయ్యి పట్టుకునేదాకా, నేను ఒరిగానని నాకు తెలీదు.