మిరప దగ్గు

హెలెన్ పుట్టింది సింగరాయకొండ దగ్గర ఒక పల్లెలో. తల్లి మిరప కల్లాల్లో తొడిమలు తీసే కూలి. కాయలొచ్చే నాలుగు నెలలూ ఆ ఇంట్లో దగ్గని మనిషి ఉండేది కాదు, దాన్ని జబ్బనుకున్న మనిషీ లేదు. హెలెన్ నర్సింగు చదివి, గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. సర్జన్ల మొహం మీదే తప్పు చెప్పగలదని ఆమెకు పేరు.

ఆ బుధవారం పొద్దున గాల్ బ్లాడర్‌లో రాళ్ల ఆపరేషన్‌కు వచ్చిన కరీమున్‌ను ప్రశ్నలడిగి కాగితం నింపింది హెలెనే.

"దగ్గు, ఆయాసం ఏమన్నా ఉన్నాయామ్మా?"

"దగ్గుందమ్మా. పడుకుంటే పిల్లికూతలు కూడా వస్తాయి. మిరపకాయల పని గదా."

"ఈ కాలంలో అందరికీ ఉండేదేలే," అని నవ్వి, 'లేదు' అని రాసేసింది హెలెన్.

మత్తిచ్చి గొంతులో గొట్టం వేయగానే కరీమున్ ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. ఊపిరి అందించే రబ్బరు సంచి ఎంత నొక్కినా గాలి లోపలికి పోలేదు. మత్తు డాక్టరు శ్రీదివ్య ఇవ్వాల్సిన మందులన్నీ ఇచ్చింది. ముప్పావుగంట సేపు ఛాతీ నొక్కారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, తన కాళ్ల మీద నడిచొచ్చిన మనిషి, పన్నెండింటికల్లా పోయింది.

ఇలాంటిది జరిగిన రోజు థియేటర్లో ఉన్నవాళ్లంతా తలుపేసుకుని కూర్చోవాలని ఆ ఆసుపత్రిలో ఈమధ్యే ఒక పద్ధతి పెట్టారు. చిన్నా పెద్దా లేకుండా జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి, ఎవరినీ తప్పుపట్టకూడదు. మంచి పద్ధతే, కాదనలేం. హెలెన్ మాత్రం ఉద్యోగం మీద ఆశ వదులుకుని ఆ గదిలో అడుగుపెట్టింది.

"దగ్గుందని ఆమె చెప్పింది మేడమ్. నేనే లేదని రాశాను."

శ్రీదివ్య ఆ కాగితాన్ని తన ముందుకు లాక్కుంది. "నేను ఛాతీ విన్నాను సిస్టర్. కూత కొంచెం వినపడింది. మిర్చి సీజన్ కదా అనుకున్నాను."

ఇకమీదట మిరప పని చేసేవాళ్లకు ముందే ఊపిరి పరీక్ష చేయాలని రాసుకున్నారు. హెలెన్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించి ఆమెకు ఏడుపొచ్చింది. చివర్లో మేనేజరు లేచి, "బయట ఎవరూ నోరు విప్పొద్దు. ఆమె ఇంటివాళ్లకు చెప్పాల్సింది నేను చెప్తాను," అన్నాడు.

వరండాలో కరీమున్ భర్త బుడాన్ కూర్చుని ఉన్నాడు. హెలెన్‌ను చూడగానే లేచొచ్చాడు.

"అమ్మా, ఊపిరాడక పోయిందన్నారు. దగ్గు సంగతి చెప్పొద్దని దానికి చెప్పింది నేనే. చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారని భయపడ్డా. నొప్పికి అల్లాడిపోతంది గదా అని. నా మాట విని నోరు మూసుకుంది. నేనే చంపుకున్నానామ్మా?"

ఆమె నీ మాట వినలేదు, నాతో చెప్పింది. అంతే అనాలి. లోపల అంతమంది ముందు అన్న మాటే. మేనేజరు గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు. కూతురి కాలేజీ ఫీజు, ఇరవై రెండేళ్ల పేరు, పోలీసులు, అన్నీ ఒక్కసారే హెలెన్ కళ్లముందు తిరిగాయి.

"ఏడవకండి," అంది.

బుడాన్ అదే జవాబనుకున్నాడు. తల ఊపి, "నేనే, నేనే," అనుకుంటూ మెట్లు దిగిపోయాడు. హెలెన్ అతన్ని వెనక్కి పిలవలేదు.