వెనక నుంచి నాన్న

మా నాన్న సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. మాదాపూర్ ఆఫీసులో ఆ పని ముగించుకుని ఇంటికొచ్చాక మళ్ళీ అదే పని మొదలుపెడతాడు. కొత్త కుక్కర్ కొంటే ముందు ఉత్త నీళ్ళు పోసి విజిల్ వేయించి చూడాల్సిందే. పెళ్ళి భోజనానికి వెళ్తే ఏ కూరలో ఉప్పు తగ్గిందో చెప్పకుండా చెయ్యి కడుక్కోడు. నేను పుట్టకముందే కాకినాడ నుంచి వచ్చి మదీనాగూడలో స్థిరపడ్డాడు. కారు ఉంది కానీ అది సెల్లార్‌లో కవరు కప్పుకుని నిద్రపోతూ ఉంటుంది. కొత్తగూడ ట్రాఫిక్‌లోకి కారు తియ్యడమంటే ఉన్న మతి పోగొట్టుకోవడమేనని ఆయన వాదన. అందుకని ఎక్కడికైనా స్కూటరే.

అలాంటి మనిషి కూతుర్ని బొమ్మల చదువుకి పంపాడంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు. బాచుపల్లిలో ఎంపీసీ చదివి, ఇంజనీరింగ్ సీటు వచ్చేన్ని మార్కులు తెచ్చుకుని, అప్పుడు నేను ఫైన్ ఆర్ట్స్ అన్నాను. అమ్మ రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నాన్న మాత్రం, ఆశ్చర్యం, వెంటనే ఒప్పేసుకున్నాడు. ఆయన లెక్క ఆయనకుంది. వాళ్ళ ఆఫీసులో యాప్‌లకి తెరలు డిజైన్ చేసే కుర్రాళ్ళు ఏసీ గదిలో హాయిగా కాఫీ తాగుతూ కనిపిస్తారట. "మంచి ఫీల్డేనే" అని అమ్మకి సర్దిచెప్పాడు. చుట్టాలకి అమ్మ ఒక్క ముక్కలో "డిజైన్" అని చెప్పి మాట మార్చేసేది.

మా కోర్సులో మొదటి ఏడాది అందరికీ అన్నీ నేర్పుతారు. బొమ్మలు గీయడం, రంగులు, చెక్క మీద చెక్కి అచ్చులు తీయడం, మట్టిపని, వీటితోపాటు కళాచరిత్ర. ఏడాది చివర ఎవరికి వాళ్ళు ఒక విభాగం ఎంచుకోవాలి. నాన్న మనసులో అప్లయిడ్ ఆర్ట్ ఎప్పుడో ఖాయమైపోయింది. అది తీసుకుంటే కంపెనీల్లో డిజైనర్‌గా చేరొచ్చు. నేనూ అదే అనుకున్నాను, మట్టి గదిలోకి అడుగుపెట్టేదాకా.

నీటిరంగులు నా మాట ఎన్నడూ వినలేదు. వంకాయ గీస్తే నల్లటి బుడగలా వచ్చేది, పైగా క్లాసు అయ్యాక, చూసి గీయడానికి పెట్టిన ఆ వంకాయల్ని ఇంటికి పట్టుకెళ్ళి కూర వండించుకునే హక్కు మొదటి బల్ల వాళ్ళది. మట్టి అలా కాదు. మోచేతుల దాకా బంకమట్టితో ఒక పూటంతా కుస్తీ పట్టి తలెత్తి చూస్తే క్యాంటీన్ మూసేశారు. నేను అన్నం విషయంలో చాలా శ్రద్ధ గల మనిషిని. వేళ మర్చిపోవడం జీవితంలో అదే మొదలు. ఆ రోజు మెట్రోలో గోళ్ళ సందుల్లో మట్టి చూసుకుంటూ మియాపూర్ దాకా నవ్వుకుంటూ వచ్చాను.

కళాచరిత్ర క్లాసు మధ్యాహ్నం ఉండేది. దీపాలు ఆర్పి, తెర మీద శిల్పాలు చూపిస్తే సగం మందికి నిద్ర వచ్చేది. మా మేడమ్‌కి అది తెలుసు. ఒకసారి దీపాలు వేసి, బల్ల మీద ఒక చిన్న కంచు విగ్రహం నకలు పెట్టి, మమ్మల్ని దాని చుట్టూ తిరగమంది. వెనకవైపు జుట్టు పాయలు పాయలుగా, మెడ మీద ఒక్కో ఉంగరం విడిగా, ఎంత ఓపిగ్గా చేశారో. "గుళ్ళో దీనికి దండలు వేస్తారు, పట్టుబట్ట కడతారు. ఈ వెనకవైపు పూజారి తప్ప ఎవరూ చూడరు. అయినా చేశారు. చుట్టూ తిరిగి చూసే శిల్పానికి వెనక అంటూ ఉండదు, మీరు ఎటు నిలబడితే అదే దాని ముందు" అంది. ఆ మాటతో నా నిద్ర ఎగిరిపోయింది. శిల్పమే చదవాలని ఆ రోజే తేల్చుకున్నాను.

ఇంట్లో చెప్పిన రోజు నాన్న ఉప్మా తింటున్నాడు.

"శిల్పం చదివి ఏం చేస్తావు?"

"శిల్పాలు చేస్తాను."

"ఎవరడిగారని?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "యాప్‌లు మాత్రం ఎవరడిగారని చేస్తున్నారు?" అన్నాను. అమ్మ మధ్యలోకి వచ్చి ఇద్దరికీ తలో గరిటె ఉప్మా వడ్డించింది. మా ఇంట్లో కాల్పుల విరమణ ఇలాగే జరుగుతుంది.

కాసేపటికి నాన్న ఆఫీసు గొంతు పెట్టాడు. "చూడమ్మాయ్, నమ్మకం మీద నేను దేన్నీ రిలీజ్ చెయ్యను. టెస్ట్ పెడదాం. ఏడాది చివర ఎలాగూ ఎవరిదో ఒకరి తల చెయ్యాలన్నావుగా, నాది చెయ్యి. కింద లిఫ్ట్ దగ్గర పెడదాం. ఎవరి తలో నువ్వు చెప్పకూడదు. మన అపార్ట్‌మెంట్ వాళ్ళు ముగ్గురు గుర్తుపడితే శిల్పం. లేకపోతే నోరు మూసుకుని అప్లయిడ్ ఆర్ట్."

"అమ్మని లెక్కేస్తావా?"

"ఇంట్లోవాళ్ళు లెక్కలోకి రారు" అన్నాడు.

ఒప్పుకున్నాను. ముగ్గురేగా అనుకున్నాను.

బాల్కనీలో చెక్క మీద కర్ర నిలబెట్టి, ఇనప తీగె చుట్టి, మట్టి ఎక్కించాను. తల అసలు సైజులో సగం కంటే కొంచెం పెద్దది. ఆదివారాలు నాన్నని కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. ఆయన కుదురుగా కూర్చుంటే కదా. ఫోను మోగేది, పావురం వచ్చేది, వీపు దురద పెట్టేది. కదలొద్దంటే ఊపిరి బిగబట్టి, పెదాలు అతికించుకుని, పాస్‌పోర్ట్ ఫొటోకి కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఉన్నది ఉన్నట్టు చెయ్యాలన్న పట్టుదలతో నేను ఆ మొహాన్నే చేశాను.

మట్టి ఎండిపోకుండా తడిబట్ట కప్పి ఉంచాలి. నేను కాలేజీకి వెళ్ళాక ఆ పని అమ్మది. తులసికి నీళ్ళు పోసి, ఆ చేత్తోనే దీనికీ చల్లేది. సాయంత్రం నాన్న రాగానే "ఇవాళ మీకు రెండుసార్లు స్నానం చేయించానండీ, కిక్కురుమనలేదు" అనేది. "అలాంటి మొగుడైతే ఎంత బావుండు" అని నా చెవిలో అనేది.

ముందువైపు ఎంత చేసినా ఏదో తేడాగానే ఉండేది. విసుగొచ్చినప్పుడు చెక్కని తిప్పి వెనకవైపు పట్టుకునేదాన్ని. అక్కడ మాత్రం నాకు ఎవరూ కూర్చోనక్కర్లేదు. మదీనాగూడ నుంచి బాచుపల్లి బడికి చిన్నప్పుడంతా ఆయన స్కూటరు వెనక కూర్చునే వెళ్ళాను. అప్పట్లో హెల్మెట్ పట్టింపు ఇంత ఉండేది కాదు. ఎక్కాలు అప్పజెప్పినా, మార్కులు తగ్గాయని ఏడ్చినా, నా ఎదురుగా ఉన్నది ఆ తల వెనక భాగమే. మెడ మీద అడ్డంగా మడత, ఎడమవైపు కొంచెం ముందుకు వంగిన చెవి, నడినెత్తి మీద పక్కపక్కనే రెండు సుడులు. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు. పెళ్ళిచూపుల్లో తన దగ్గర ఆ సంగతి దాచారని అమ్మ ఇప్పటికీ దెబ్బలాడుతుంది. నా వేళ్ళు వాటంతట అవే ఆ తలని చేసుకుపోయాయి.

పరీక్ష ఆదివారం పొద్దున జరిగింది. లిఫ్ట్ పక్కన బల్ల వేసి, మొహం లిఫ్ట్ వైపు, వెనక భాగం గేటు వైపు ఉండేలా తలని పెట్టాను. నాన్న పేపరు పట్టుకుని పార్కింగ్‌లో ఒక స్తంభం వెనక చేరాడు. అక్కడి నుంచి మాటలు వినపడతాయి.

లిఫ్ట్ దిగిన మొదటి అంకుల్ తల అటూ ఇటూ వంచి చూశాడు. "ఎవరో నాయకుడిలా ఉన్నాడు. ఏ జంక్షన్‌లో పెడతారమ్మా?" అన్నాడు. నాలుగో అంతస్తు ఆంటీ "మీ తాతగారా? పాపం, ఎప్పుడు పోయారు?" అని నా భుజం నిమిరింది. జిమ్ బట్టల్లో వచ్చిన అబ్బాయి "టీవీలో చూశానండీ ఈయన్ని" అన్నాడు. దిగినవాళ్ళందరిదీ అదే వరస. స్తంభం వెనక పేపరు నవ్వుతో కదులుతోంది. మట్టి ఎండకుండా నీళ్ళు చల్లి తడుముతూ నిలబడ్డాను. ఇన్ని ఆదివారాలు పడిన పాట్లు ఇలా లిఫ్ట్ దగ్గర నవ్వులపాలవుతున్నాయి.

మా అపార్ట్‌మెంట్ కట్టిన నేల ఒకప్పుడు, మేమంతా పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ వాళ్ళది. అందులోనే ఒక ఫ్లాట్ తీసుకుని ఉంటుంది. టిఫిన్ అయ్యాక గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చోవడం ఆమె దినచర్య. ఆ రోజూ వచ్చి కుర్చీలో చేరగిలబడింది. బల్ల ఆమెకి వెనకవైపు నుంచి కనిపిస్తుంది.

"ఏందమ్మా, మీ నాయినను తెచ్చి గీ బల్ల మీద కూసోబెట్టినవ్?" అంది.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. "ఎట్లా తెలిసింది పెద్దమ్మా?"

"దినాం పొద్దుగాల నా ముంగటికెల్లే గద బండేసుకొని పోతడు. గా మెడ, గా చెవి నాకెర్క లేదా?" అంటూ లేచి వచ్చి, ముందువైపు చూసి మొహం చిట్లించింది. "ముంగట ఎవలో నాకైతే తెల్వదు బిడ్డా. ఎనకకెల్లి మాత్రం ఆయ్ననే."

అంతలో మా అసోసియేషన్ సెక్రటరీగారు ఇడ్లీ పొట్లంతో గేటులోంచి వచ్చారు. ఆయనా వెనక నుంచే చూశారు. అడక్కుండానే ఆగి, "మీ నాన్నగారిని భలే చేశావమ్మా. ప్రతి మీటింగులో ముందు వరసలో కూర్చుని అడ్డు ప్రశ్నలు వేస్తారుగా. వెనక ప్రొజెక్టర్ దగ్గర కూర్చుని ఆ తల పక్కనుంచి తొంగిచూసీ చూసీ నాకు మెడ పట్టేసింది" అన్నారు.

ఇద్దరయ్యారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చెక్కని తిప్పుదామా అనిపించింది గానీ, స్తంభం వెనక కూర్చున్నది టెస్టర్. మధ్యాహ్నం దాకా ఇంకెవరూ బయటి నుంచి రాలేదు, లిఫ్ట్ దిగినవాళ్ళు ఎవరూ గుర్తుపట్టలేదు. భోజనానికి పిలవడానికి అమ్మ దిగింది. నాన్న పేపరు మడుచుకుంటూ వచ్చాడు.

"రెండే. పైగా ముందువైపు పూర్తిగా ఫెయిల్" అన్నాడు.

"నువ్వు పెట్టిన మొహమే చేశాను. ఆ మొహం నువ్వు జన్మలో ఎవరికీ చూపించలేదు, ఇంకెలా గుర్తుపడతారు? వెనక్కి మాత్రం ఫోజు పెట్టలేకపోయావు, అందుకే అది నువ్వయింది" అన్నాను. ఓడిపోతున్నానని తెలిసి వచ్చిన కోపం అది.

అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ, మీరసలు ఆ పక్కకి వెళ్ళి చూశారా?"

చూడలేదు. ఇన్ని ఆదివారాలు ఎదురుగానే కూర్చున్నాడు గానీ ఒక్కసారీ వెనక్కి వెళ్ళలేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి నిలబడ్డాడు. తప్పు వెతికేటప్పుడు ఆయన ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది. అది లేచింది, అలాగే ఉండిపోయింది. కాసేపటికి కుడి చేతి వేలు మట్టిలోని సుడి మీద పెట్టాడు, ఎడమ చెయ్యి తన నెత్తి మీదకి పోయింది. రెండో సుడినీ అలాగే తడుముకున్నాడు. వేలు కిందికి దిగి, చెవి వెనక ఒక చిన్న గాటు దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"నా వాటర్ బాటిల్. యూకేజీలో. బడి దగ్గర నువ్వు సడన్ బ్రేక్ వేస్తే తగిలిందే."

తన చెవి వెనక తడిమి చూసుకున్నాడు. "ఇంకా ఉందా అది?" అన్నాడు మెల్లగా. "నేను మర్చేపోయాను."

పెద్దమ్మ కుర్చీలోంచే మమ్మల్ని చూస్తోంది. నాన్న వేలికంటిన మట్టి పేపరుకి తుడుచుకున్నాడు.

"మూడోవాణ్ణి నేనే" అన్నాడు.

"ఇంట్లోవాళ్ళు లెక్కలోకి రారన్నారుగా" అంది అమ్మ, ఊరుకోకుండా.

"టెస్టర్ లెక్కలోకి రాడని ఎవరన్నారు?" అని విసుక్కుని, నా వైపు తిరిగి, "ముందువైపు మాత్రం బాగుచెయ్యాలి. అలా సబ్మిట్ చేస్తే నా పరువు పోతుంది" అన్నాడు. నేను మట్టి చేతులతోనే ఆయన్ని వాటేసుకున్నాను. ఉతికిన చొక్కా అని అమ్మ అరిచింది.

మొహం మళ్ళీ చేశాను. ఈసారి కూర్చోమనలేదు. ఆయన ఉప్మాలో తప్పు వెతుకుతుంటే చాటుగా చూసి, లేచిన కనుబొమ్మా, బిగిసిన మూతీ దించేశాను. "నేనింత విసుగ్గా ఉంటానా?" అన్నాడు. అమ్మ దాని మీద తడిబట్ట కప్పేసింది.

కాలేజీలో అప్పగించాల్సిన రోజు కారు కవరు తీశాడు. మట్టి తలతో మెట్రోలోకి రానివ్వరేమోనని అనుమానం, స్కూటరు మీద పడిపోతుందని భయం, రెండూ ఆయనవే. నేను వెనక సీట్లో ఎడమవైపు కూర్చుని తలని ఒళ్ళో పెట్టుకున్నాను.

"ముందుకొచ్చి కూర్చో. నన్ను డ్రైవర్ని చేసేశావు" అన్నాడు.

"ఇంకొంచెం పనుంది నాన్నా" అన్నాను. నిజంగానే ఉంది. కొత్తగూడ దగ్గర ఆగినప్పుడు చూస్తే, ఆయన చెవి నేను చేసినదానికంటే ఇంకాస్త ముందుకు వంగి ఉంది. తడివేలితో మట్టి చెవిని సర్దడం మొదలుపెట్టాను. ఆయన అద్దంలోంచి గమనించాడు.

"కుదిరిందా?"

"తల తిప్పకు."

తిప్పలేదు. ముందున్న బండ్లు కదిలాయి, వెనక హారన్లు మొదలయ్యాయి, పక్కన ఆటోవాడు ఏదో అన్నాడు. ఏ ఆదివారమూ కుర్చీలో కుదురుగా కూర్చోని మా నాన్న, ఆ చెవి పూర్తయ్యేదాకా మెడ కూడా కదపకుండా అలాగే కారు నడిపాడు.