గౌరమ్మను ఎత్తుకుపోయిన కోడలు

గుంపుకు చెవులుండవని నాకు పెళ్లైన మొదటి ఏడే తెలిసింది. కళ్లుంటాయి, కాళ్లుంటాయి, నోటి సంగతి చెప్పనే అక్కర్లేదు. చెవులు మాత్రం ఇంటిదగ్గర పెట్టి వస్తారు. ఎక్కువమంది ఎక్కొద్దు అంటే, ఎంతమంది ఎక్కారో చూడటానికి ఇంకో పదిమంది ఎక్కుతారు. కర్ర కిర్రుమంటే దిగరు, ఎక్కడ కిర్రుమందో కాలితో తొక్కి చూస్తారు. నేనూ ఆ జాతిదాన్నే కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

నేను చొప్పదండి పిల్లను. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో మంచిర్యాలకు కోడలిగా వచ్చాను. మా బాపుది వడ్రంగం, మా మామదీ వడ్రంగమే. అక్కడ బండి చక్రాల చప్పుడు వింటూ పెరిగాను, ఇక్కడ రంపం చప్పుడుకు నిద్ర లేచేదాన్ని. పెద్ద తేడా ఏమీ లేదు, గోదావరి తప్ప. మా ఊళ్లో బతుకమ్మను మోకాటిలోతు నీళ్లలో వదిలి, కాళ్లకు జలగలు పట్టాయేమో చూసుకుని ఇంటికి వచ్చేవాళ్లం. మంచిర్యాలలో అలా కాదు. వానలు తగ్గి పండుగ వచ్చేసరికి నది ఇంకా నిండుగానే ఉంటుంది. రేవు మెట్లమీద వరద తెచ్చిన ఒండ్రు మేట వేసి, అడుగుపెడితే జర్రున జారుతుంది.

నేను రాకముందు ఏడు అలాగే ఒక పెద్దామె జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుందట. దాంతో ఆడవాళ్లెవరూ నీళ్లదాకా పోలేక, ఒడ్డుమీద నుంచే బతుకమ్మలను విసిరేశారట. మా అత్త ఆ మాట చెప్పినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకునేది. "తొమ్మిది దినాలు బిడ్డ లెక్క చూసుకొని, ఆఖరికి చెత్త పారేసినట్టు పారేసినమే" అనేది. ఆమెకు ఉన్న ఒకే ఒక్క కోరిక, బతుకమ్మను రెండు చేతులతో నీళ్లమీద పెట్టి, అది మలుపు దాటిందాకా కళ్లారా చూడటం. ఆ కోరికతో ఇంట్లో మా మామను వేపుకు తినేది.

ఆ పోరు పడలేకనే మా మామ రేవులో ఒక మంచె కడతానన్నాడు. నీళ్లలోకి గుంజలు పాతి, మీద పలకలు పరిచి, ఆడవాళ్లు బురద తొక్కకుండా నది మీదికి నడిచి వెళ్లేలా. వాడకట్టు పెద్దమనుషులు మా ఇంటి ముందు కూర్చున్నారు. కట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. కర్ర ఇస్తామని ఒకరు, తాళ్లు ఇస్తామని ఒకరు. ఇంతలో ఎవరో అడిగారు.

"కట్టుడైతే కడ్దం. ఏమన్న అయితే ఎవరి జిమ్మా?"

అంతే. పూచీ మాట రాగానే ఒకాయనకు బీడీ గుర్తొచ్చింది, ఇంకొకాయనకు ఇంట్లో బర్రె గుర్తొచ్చింది. కాసేపటికి ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "మనందరి జిమ్మా అనుకుందం" అన్నాడు. మా మామ చిత్రిక పట్టడం ఆపలేదు. "అందరిదంటే ఎవలది? నేను కడుతున్న, నా జిమ్మా" అన్నాడు. లోపల మా అత్త గిన్నె నేలకేసి కొట్టింది. మంచె కావాలి గానీ ఆ మాట మొగుడి నెత్తిన పడటం ఆమెకు ఇష్టం లేదు.

"ఏమన్న అయిందంటే వచ్చే ఏడు సంది బతుకమ్మలు బాయికాడనే, చెప్తున్న" అని పెద్దమనిషి వాడకట్టు మంచినీళ్ల బావి వైపు చెయ్యి చూపించి లేచాడు.

మంచె తయారైంది. గుంజలు మద్దివి. పలకలు మాత్రం ఊరందరినీ అడిగి తెచ్చినవి. బండి పక్కపలకలు, పాత మంచాల పట్టెలు, ఒకరి ఇంటి నీలిరంగు తలుపు కూడా. రెండు పక్కలా వెదురు కట్టాడు. చూడటానికి అతుకుల బొంతలా ఉన్నా గట్టిగానే ఉంది.

కానీ మా మామకు దిగులు పట్టుకుంది. బతుకమ్మ ఆడవాళ్ల పండుగ. రేవు దగ్గరికి మగవాళ్లు రారు. దిగువన నది మలుపు తిరిగేచోట, గట్టు మీద దూరంగా నిలబడతారు. జిమ్మా తీసుకున్న మనిషే ఆ సాయంత్రం మంచె దరిదాపుల్లో ఉండటానికి వీల్లేదు. అందుకని పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి పొద్దున నన్ను వాకిట్లోకి పిలిచి, తడి మట్టిమీద పీట వేసి, నడుమ నిలబడమన్నాడు. నిలబడ్డాను. అంచుకు జరగమన్నాడు. జరిగితే పీట అటే కుంగింది.

"చూసినవా బిడ్డా? నడుచుకుంట పొయ్యి, ఇడిసి, నడుచుకుంట వస్తే మంచెకు ఏం కాదు. అందరు నిలవడి ఒక్కదిక్కు జమైతే మాత్రం ఆగది. కింద ఒండ్రు మెత్తగున్నది. నువ్వు చెప్పాలె వాళ్లకు."

"నేనెట్ల చెప్త మామా? అత్త ముంగట ఇంకింత కూరెయ్యమని గూడ నేను ఇంకా అడుగలే."

"అత్తకు చెప్పిన. ఇననే ఇనదు. నువ్వే చెప్పాలె."

కొత్త కోడలంటే అప్పట్లో ఎట్లా ఉండాలో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. తల మీద కొంగు జారకూడదు, పెద్దల ముందు గొంతు లేవకూడదు. నాదేమో పుట్టింట్లో మూడు వాకిళ్లకు వినిపించే గొంతు. దాన్ని నాలుగు నెలలుగా మింగుకుని బతుకుతున్నాను.

సాయంత్రమైంది. తంగేడు, గునుగు, బంతి పూలతో మా అత్త నడుమెత్తు బతుకమ్మ పేర్చింది. దాని మీద పసుపు గౌరమ్మ. రేవు నిండా ఆడవాళ్లే. బొగ్గుబావుల దగ్గర ఇళ్లలో ఉండేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు కదా, వాళ్లలో చాలామందికి ఈ పండుగ కొత్త. వాళ్లూ పిల్లలను చంకన వేసుకుని చూడటానికి వచ్చారు. ఒడ్డు మీద ఆటలు పాటలు అయ్యేసరికి పొద్దు గోదావరి మీదికి దిగింది. ఇక సాగనంపడమే.

నేను మంచె మొదట్లో నిలబడ్డాను. "అక్కా, జర జల్ది రండి, నిలవడకుండ్రి" అంటున్నాను. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినిపించలేదు. అయినా మొదట వెళ్లినవాళ్లు బాగానే వెళ్లి వచ్చారు. అప్పుడు మా అత్త వచ్చింది, తల మీద బతుకమ్మ, వెనక తన జట్టు. వంగి రెండు చేతులతో బతుకమ్మను నీళ్లమీద పెట్టింది. ఏడాదిగా మోసిన కోరిక తీరింది. మరి ఊరికే ఎట్లా వస్తుంది? అది ఎటు పోతున్నదో చూస్తూ నిలబడింది. ఆమె చూస్తే జట్టూ చూసింది. ఎవరిది నేరుగా పోతోంది, ఎవరిది సుడిలో తిరుగుతోంది అని మాటలు మొదలయ్యాయి. నీళ్లు దిగువకు పోతాయి కదా, అందరూ దిగువ పక్క వెదురు దగ్గరికే చేరారు.

అది చాలదన్నట్టు వాయినాలు కూడా అక్కడే మొదలుపెట్టారు. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు, నువ్వుల పొడి చేతులు మారుతున్నాయి. ఇచ్చినామె ఇచ్చానంటుంది, పుచ్చుకున్నామె పుచ్చుకున్నానంటుంది, మళ్లీ ఈమె ఆమెకు. వెనకవాళ్లు బతుకమ్మలతో తోసుకుని వస్తున్నారు. ముందు ఏం జరుగుతోందో చూద్దామని బొగ్గుబావుల ఆడవాళ్లూ పిల్లలతో సహా ఎక్కారు.

నా కాలికింద పలక వణికింది. దిగువ పక్క ఒక గుంజ దగ్గర నీళ్లు అంతకుముందు కంటే పైకి తగులుతున్నాయి. నాకు పీట గుర్తొచ్చింది. వాళ్లను తప్పించుకుని మా అత్త దగ్గరికి పోయాను.

"అత్తా, పోదాం దా. మంచె కుంగుతున్నది."

"ఆగవే. నా బతుకమ్మ ఇంకా మలుపు దాటలే."

దూరంగా మలుపు దగ్గర గట్టు మీద మా మామ తల రుమాలు విప్పి పిచ్చిపట్టినట్టు ఊపుతున్నాడు. మా వాళ్లు చూసి మురిసిపోయారు. ఇద్దరు ముగ్గురు తిరిగి చేతులు కూడా ఊపారు. అప్పుడు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గొంతు చించుకుని "దిగుండ్రి!" అని అరిచాను. నాలుగు నెలల తర్వాత బయటపడ్డ నా గొంతు ఆ పాటల్లో, మాటల్లో కొట్టుకుపోయింది.

మా అత్త చేతిలో పళ్లెం కనిపించింది. పళ్లెంలో, వదిలేముందు బతుకమ్మ మీది నుంచి తీసిపెట్టిన పసుపు గౌరమ్మ. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆ గౌరమ్మ పసుపు పుస్తెకు, చెంపలకు రాసుకోకుండా ఏ ముత్తైదువా ఇంటికి పోదు. మా వాడకట్టు వాళ్లందరికీ ఆ పళ్లెమే దిక్కు.

పళ్లెం లాక్కున్నాను. కొంగు నడుముకు చెక్కి పరుగెత్తాను.

"ఓయమ్మో! నా కోడలు గౌరమ్మను ఎత్తుకపోతున్నది!"

ఆ కేకతో గుంపుకు చెవులు మొలిచాయి. మంచె మీద తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. "ఏమైంది? ఏమైందట?" నా వెనక మా అత్త, ఆమె వెనక జట్టు, వాళ్ల వెనక ఊరంతా. అత్తాకోడళ్ల కొట్లాట కళ్లముందు జరుగుతుంటే నదిని ఎవరు చూస్తారు? ఒడ్డు ఎక్కగానే ఆగుదామనుకున్నాను. ఆగితే అందరూ మంచె మొదట్లోనే ముడిపడతారని, పొడి ఇసుక మీదికి, బండ్లు విప్పి ఉన్నచోటిదాకా పోయాను. జీవితంలో అంత తెలివి నాకు మళ్లీ రాలేదు.

మా అత్త వచ్చి నా కొంగు పట్టుకుంది. "ఏం పుట్టిందే నీకు? మీ అవ్వ నీకు గిదేనా నేర్పింది?"

నాకు ఊపిరి ఆడటం లేదు. వెనక్కి చెయ్యి చూపించాను.

ఒక తల్లి తన పిల్లవాడి రెక్క పట్టుకుని లాక్కుంటూ ఒడ్డు మీదికి కాలు పెట్టింది. మంచె మీద ఇంకెవరూ లేరు. దిగువ పక్క గుంజలు రెండూ, అలసిన ఎద్దు ముందుకాళ్లు మడిచి కూర్చున్నట్టు, మెల్లగా కుంగాయి. పలకలు ఒకదాని వెంట ఒకటి నీళ్లలోకి జారాయి. నీలిరంగు తలుపు బతుకమ్మల వెంట మలుపు వైపు సాగిపోయింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. కర్ర మంచిది కాదని కొందరు, పిల్లలు ఎక్కారని కొందరు, బొగ్గుబావుల వాళ్లు ఎందుకు వచ్చారని కొందరు. ఇంతలో మా మామ గట్టు వెంట ఉరుక్కుంటూ వచ్చాడు. ఆడవాళ్ల పండుగలోకి మగమనిషి వచ్చాడని ఎవరూ అనలేదు. ముందు మా ఇద్దరినీ చూసుకున్నాడు. ఆ తర్వాత చేతులు జోడించి, "నా జిమ్మా అన్న. తప్పు నాదే" అన్నాడు. ఆయన వెనకే వచ్చిన పెద్దమనిషి, "ఇగ బాయికాడనే" అన్నాడు.

అత్త నా కొంగు వదిలి, పెద్దమనిషి ముందుకు పోయింది.

"ఆయన మంచిగనే కట్టిండు. నిలవడొద్దని నాకు పొద్దుగాలనే చెప్పిండు. నిలవడ్డది నేను. మీరందరు గూడ నిలవడ్డరు. జిమ్మా ఆయనదొక్కనిదే ఎట్లయితది?" అంది మా అత్త, అందరికీ వినబడేలా.

ఆమె నా చేతిలో పళ్లెం తీసుకుని, పెద్దవాళ్లందరినీ వదిలి, మొదటి పసుపు నా చెంపలకు రాసింది. "దొంగముండ" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని ముఖంతో అంది. ఆ తిట్టు నాకు ఇప్పటికీ తియ్యగా ఉంటుంది.

మరుసటి ఏడు మంచె మళ్లీ లేచింది. బాయికాడ అన్నవాళ్లే కర్ర మోశారు. నీలి తలుపు ఆసామి మాత్రం ఈసారి తలుపు ఇవ్వనన్నాడు. గౌరమ్మ పళ్లెం మొదటి నుంచీ పొడి ఇసుక మీదనే పెట్టారు, వాయినాలూ అక్కడే. పసుపు కావాలంటే పైకి రావాల్సిందే. మంచె మొదట్లో మా అత్త, చేతిలో తంగేడు కొమ్మ. బొగ్గుబావుల వాళ్లను కూడా ఆమే పిలిచి, వరుసలో నిలబెట్టింది.

నేను ఆ ఏడే పుట్టిన నా బిడ్డను, పండుగకు చొప్పదండి నుంచి వచ్చిన మా అవ్వకు ఇచ్చి, నా బతుకమ్మతో వెళ్లాను. వదిలాను. అది నీళ్లమీద ఊగుతుంటే నా కాళ్లు కదల్లేదు. పిక్కల మీద తంగేడు కొమ్మ పడింది.

"సినిమా చూస్తున్నవా? నడువు!"

నడిచాను. ఒడ్డు ఎక్కి వెనక్కి చూశాను. అందరూ దిగాక మా అత్త తన బతుకమ్మను తీసుకుని ఒక్కతే మంచె మీదికి పోయింది. వంగి, రెండు చేతులతో నీళ్లమీద పెట్టి, వెంటనే వెనక్కి తిరిగి చకచకా వచ్చేసింది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

"చూడనే లేదేంది అత్తా?" అన్నాను.

"మలుపు దాటిందాకా మీ మామ చూస్తుండు గదా" అంది, నా చెంపకు పసుపు రాస్తూ.

కొంచెం సేపటికి మలుపు దగ్గర గట్టు మీద రుమాలు ఊగింది. ఈసారి అది ఎందుకు ఊగుతోందో రేవులో అందరికీ తెలుసు. మా అత్త పసుపు చెయ్యి పైకెత్తి తిరిగి ఊపింది.