నాలుక కొనతో చూసిన సబ్బు

మా వంటింట్లో కింది అరలో ఒక స్టీలు గుండిగ ఉంది. అందులో ఇంతవరకూ ఒక్క మెతుకు ఉడకలేదు. మా ఆవిడ దాన్ని సబ్బు చేయడానికి విడిగా పెట్టుకుంది. ఆమె పోయి రెండేళ్లయింది. ఇల్లు సర్దడానికి వచ్చిన బంధువులు దాన్ని మిగతా గిన్నెల్లో కలపబోతే వద్దన్నాను. ఎందుకని అడిగారు. చెప్పాలంటే సంగతి మొత్తం చెప్పాలి. అప్పుడు ఓపిక లేకపోయింది.

తొంభైల చివర మేము మధురవాడలో అద్దెకుండేవాళ్లం. నాకు పోర్టులో గుమాస్తా పని. రానూపోనూ బస్సులో చదువుకునేవాణ్ణి. చేతికి దొరికిందల్లా చదివేవాణ్ణి గానీ చేత్తో చేసే పని ఒక్కటీ వచ్చేది కాదు.

భీమిలి నుంచి ఒకావిడ చేపల గంపతో బస్సు దిగి మా వీధికి వచ్చేది. మా ఆవిడ కంటే పదేళ్లు పెద్ద. మా ఆవిడ ఆమెని అప్పా అని, ఆమె మా ఆవిడని సెల్లీ అని పిలుచుకునేవారు. వాళ్లిద్దరి బేరం వింటే కొత్తగా దిగినవాళ్లు ఏదో గొడవనుకుని తలుపులు తీసి చూసేవారు.

ఒకరోజు ఆమె కేక వేయకుండా వచ్చి అరుగు మీద కూర్చుంది. కొడుక్కి కూతురు పుట్టి మూడు రోజులైంది. కోడలి పుట్టిల్లు మా వెనక వీధిలోనే.

“ఏటప్పా, మనవరాలు పుడితే మిఠాయి తేవాలి గానీ ఈ మొగమేటి?” అంది మా ఆవిడ.

“ఎత్తుకోనివ్వలేదు సెల్లీ.”

వియ్యపురాలు వాసన మాట ఎత్తనే లేదట. చేతులు కడుక్కుని ఎత్తుకోమంది. ఈమె కడిగింది. వియ్యపురాలు గాలి పీల్చి చూసి ఊరుకుంది. ఈమె మళ్లీ కడిగింది. మూడోసారి కడిగి వచ్చేసరికి పాప నిద్రపోయిందంది.

“ఆల తాత మా తాతతో ఒకే తెప్ప మీద ఏటకెల్లినోడే. ఒక్క తరం ఫ్యాను కింద కూకుంటే ముక్కు అంత పొడుగైపోద్దా?”

“మంచి వాసన సబ్బు కొనుక్కోకపోయావా?”

“అన్నీ అయినాయి. మల్లెపూల వాసనొకటి, సేపల వాసనొకటి. రెండూ కలిస్తే మరీ అన్నేయం. ఇరవయ్యొకటో రోజున పేరెడతారు. నాయినమ్మ ఒళ్లో ఎట్టుకుని పిలవాల. ఆ రోజు కూడా పాప పడుకుందంటే నానేటి సెయ్యను?”

ఆమె వెళ్లాక మా ఆవిడ నా వైపు తిరిగింది. “అన్ని పుస్తకాలు సదివారు కదా, సేపల వాసన పోయే సబ్బు ఎక్కడా రాయలేదేటి?”

రాశారు. పేవ్‌మెంటు మీద కొన్న గృహపరిశ్రమల పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. అందులో సబ్బు గురించి నాలుగు పేజీలు. కొబ్బరినూనె, కాస్టిక్ సోడా, నీళ్లు. వాసన లాగేయడానికి కాఫీ పొడి కలపమని ఉంది. అరకు కాఫీ పొడి ఇంట్లోనే ఉంది. ఆరడానికి మాత్రం నెల పడుతుందని ఉంది. మాకున్నది పద్దెనిమిది రోజులు.

“నెల పుస్తకం రాసినాయనకి. మనకి అంత లేదు,” అంది.

పెరట్లో నేను చదువుతుంటే తను చేసింది. మా అమ్మ ఇచ్చిన సత్తు డేక్సాలో నీళ్లు పోసి సోడా వేసింది. వేయగానే నీళ్లు నల్లబడి బుసబుస పొంగాయి. సబ్బు అప్పుడే తయారవుతోందని నేను సంతోషించాను. పేజీ తిప్పాను. ‘సత్తు పాత్ర ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు, సోడా దానిని తినివేయును’ అని ఉంది. ఆ వాక్యం నేను చదివి ముగించేలోపు డేక్సా అడుగు నుంచి నీళ్లు కారడం మొదలుపెట్టాయి.

మా ఆవిడ దూరంగా నిలబడి అంతా కారిపోయేదాకా చూసింది.

“మీ అమ్మగారిచ్చిన డేక్సా, మీ సదువు, రెండింటికీ ఒకేసారి కన్నం పడింది. ఉక్కు ఊళ్లో ఉండి సత్తు గిన్నెలో సబ్బేటండీ!”

మళ్లీ సోడా తెచ్చి, స్టీలు గుండిగ కొని, మొదలుపెట్టేసరికి నాలుగు రోజులు పోయాయి. ఈసారి పుస్తకం ఆమె చేతిలో ఉంది. నాలుగు పేజీలూ చదివాకే గుండిగ ముట్టుకుంది. కర్రతో కలిపి కలిపి, ఇడ్లీ పిండిలా చిక్కబడ్డాక నూనె రాసిన కొబ్బరి చిప్పల్లో పోసింది. రెండో రోజుకి గట్టిపడ్డాయి. చిప్పలోంచి తీస్తే ముదురు గోధుమ రంగు, గుండ్రని వీపు. అచ్చు అనకాపల్లి బెల్లం. ఆ మాట అప్పుడే నేనన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

సబ్బు ఆరిందీ లేనిదీ నాలుక కొనతో తాకి చూడాలని పుస్తకంలో ఉంది. చురుక్కుమంటే సోడా ఇంకా మిగిలినట్టు. మా ఆవిడ రోజూ పొద్దున్నే మేడ మీదికెళ్లి, అక్కడ ఆరబెట్టిన సబ్బుని తాకి, ఉమ్మేసి, నోరు కడుక్కుని కిందికి దిగి “సురుక్కుమంది” అని చెప్పేది. శనివారం ఆమెకి ఉపవాసం. ఆ రోజు నా నాలుక.

బారసాల ముందు రోజు పొద్దున కూడా కొంచెం చురుక్కుమంది. సాయంత్రం ఆమె రెండు సబ్బులు పాత పేపర్లో చుట్టి అప్ప చేతిలో పెట్టింది.

“నాను సెప్పేదాకా వాడకు. నీ సేతులకేం కాదు. పసిదాని ఒళ్లు మండుతాది.”

“మరి ఎప్పుడు సెప్తావు?”

“రేపు సూసి సెప్తాను.”

“అయితే నువ్వూ రా. నువ్వు సెప్తే కడుగుతాను. లేపోతే నాను గుమ్మం కాడే కూకుంటాను.”

అలా పిలుపు లేకుండా మేమిద్దరం ఆ బారసాలకి వెళ్లాం. అప్ప కొత్త చీర కట్టుకుని ముందే వచ్చింది. తెచ్చిన సంచిని వంటింటి గట్టు మీద పెట్టింది. బియ్యం, పసుపు, కుంకుమ, పాపకి గౌను, వాటితో పాటు ఆ పేపరు పొట్లం. చేతులు కడగలేదు గనుక నిజంగానే గుమ్మం దగ్గర కూర్చుంది. సబ్బు చూడాలంటే ఆ పొట్లం బయటికి ఎలా తెప్పించాలా అనుకుంటూ మా ఆవిడ ఆమె పక్కన చేరింది. నేను హాల్లో కుర్చీలో ఉన్నాను.

లోపల వియ్యపురాలు పరమాన్నం కలుపుతోంది. వియ్యాలవారి సంచి విప్పి చూసింది. పొట్లం విప్పింది. “మా వదిన మంచి బెల్లం తెచ్చింది” అంటూ ఒక పెచ్చు విరిచి నోట్లో వేసుకుంది.

కేక విని మేము లోపలికి వెళ్లేసరికి ఆమె పెరట్లో కుళాయి దగ్గర వంగి ఉంది. ఎంత పుక్కిలిస్తే అంత నురగ. అప్ప చెంబుతో నీళ్లు అందిస్తూ నవ్వు ఆపుకోలేక సగం నీళ్లు ఆమె చీర మీదే పోసింది.

“ఏటి వదినా ఇది! నన్ను సంపడానికి తెచ్చావా?”

మా ఆవిడ ఆమె భుజం పట్టుకుని, చాలా గంభీరంగా, “వదినగారూ, నాలుక సురుక్కుమందా?” అని అడిగింది.

ఆమె నురగ ఉమ్మి ఆలోచించింది. “నేదు. సబ్బు సబ్బులాగే ఉంది.”

“సరిగ్గా సెప్పండి. మంట?”

“మంటేటీ నేదు. కాఫీ వాసన, సబ్బు రుచి. థూ!”

మా ఆవిడ అప్ప వైపు తిరిగింది. “అప్పా, అయిపోయింది. కడుక్కో.”

మిగిలిన ముక్క తీసుకుని అప్ప అదే కుళాయి దగ్గర మోచేతుల దాకా రుద్దుకుంది. కడిగి రెండు చేతులూ వియ్యపురాలి ముఖం ముందు పెట్టింది. ఇంట్లోవాళ్లంతా చుట్టూ చేరారు. వియ్యపురాలు వాసన చూడబోయి ఆగిపోయింది.

“నా నోట్లో ఉన్న వాసనే నీ సేతులకీ ఉంటాది, ఇంకేటి సూసేది? రా వదినా, ఎత్తుకో.” లోపలికెళ్లి పాపని తనే తెచ్చి ఇచ్చింది.

పాప మెలకువగానే ఉంది. అప్ప చెవిలో పేరు చెప్పింది. తర్వాత ఎవరడిగినా ఇవ్వలేదు. భోజనాలప్పుడు కూడా ఒళ్లో పెట్టుకునే ఒక చేత్తో తింది.

ఆ రోజు పంక్తిలో పరమాన్నం వడ్డించాక అందరూ ఒకసారి వాసన చూసి తిన్నారు. మా ఆవిడ మాత్రం వేలితో కొంచెం తీసి, నాలుక కొనకి తాకించి, నా వైపు చూసి తల ఊపింది. అప్పుడు నేనూ తిన్నాను.