ఎల్బీనగర్ చౌరస్తాలో నా మూగనోము

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. ఒకటి బాబాయి కారు, రెండోది నా నోరు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఎండాకాలం అది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ నిండా కోస్తా నుంచి వచ్చినవాళ్లమే. అందరిదీ ఒకటే మాట: "బయట నోరు విప్పావంటే మనది బెజవాడని పట్టేస్తారు, జాగ్రత్త!" పట్టేసి ఏం చేస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు (ఎవరికీ ఏమీ జరగలేదు కనుక). కొత్తగా లైసెన్సు వచ్చిన ఇరవై రెండేళ్ల వీరుణ్ణి నేను. బెజవాడ బస్సులో వచ్చే పిన్నిని ఎల్బీనగర్ నుంచి తీసుకురమ్మని బాబాయి తన పాత కారు తాళాలు ఇచ్చాడు. "ఇంజన్ చల్లగా ఉండగానే కూలెంట్ చూసుకో. దారిలో వేడెక్కిందా, ఆపేసి కూర్చో. అప్పుడు గానీ రేడియేటర్ మూత తీశావంటే మొహం ఉడికిపోతుంది" అన్నాడు. మొదటి ముక్క మర్చిపోయాను, చివరిది మాత్రం బుర్రలో ఉండిపోయింది.

చౌరస్తాకు కాస్త ముందే వంటావార్పు ఎదురైంది. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడమన్నమాట. వెనక్కి తిరిగే దారి లేదు. ఏసీ వేసుకుని, ఇంజన్ ఆపకుండా దర్జాగా కూర్చున్నాను. కాసేపటికి సూది ఎర్రగీత దాటింది, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. గబుక్కున ఆపి దిగాను. ఉల్లిగడ్డలు తరుగుతున్న ఒక అక్క "ఎక్కడికి పోతున్నవ్ తమ్మీ?" అంది. అంతే, నా పై ప్రాణాలు పైనే పోయాయి. గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. "అయ్యో, మూగపిల్లగాడు!" అందామె. జేబులో ఫోన్ మోగుతోంది, బాబాయే అయుంటాడు (మూగవాడు ఫోన్ ఎత్తితే ఏం బాగుంటుంది?). ఛీ, ఏం దిక్కుమాలిన బతుకురా అనుకుంటుండగా ఆమె చేతులు కడుక్కుని వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "ఏసయ్యా, గీ పిల్లగానికి మాట ఇయ్యి తండ్రీ" అని ప్రార్థన మొదలుపెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సరిగ్గా అప్పుడే, గుండిగలో అన్నం కలుపుతున్న పెద్దాయన (అందరూ గరిటె మామ అంటున్నారు) చెంబుతో నీళ్లు తెచ్చి, "జర నీళ్లు పోస్తే అయిపాయె" అంటూ బానెట్ ఎత్తాడు. వద్దని చేతులూపాను. "ఆగు, పోస్తున్న. పరేషాన్ గాకు" అన్నాడు. దణ్ణం పెట్టాను. "గంత మర్యాదెందుకు బిడ్డా" అన్నాడు. పొద్దుట్నుంచి కాగే గుండిగల మూతలు ఎత్తిన చెయ్యి అది. భుజం మీది తువ్వాలు రేడియేటర్ మూతకు చుట్టి, మొహం దగ్గరగా వంచాడు. మూత తిరిగిందా, ఆయన కళ్లు పోతాయి. నేను నోరు విప్పానా, నా పని అయిపోతుంది. "బాబోయ్, తియ్యకండీ! ఆవిరి మొహాన కొడుతుందండీ! అరగంట ఆగాలండీ!" అని కృష్ణా జిల్లా దాకా వినపడేలా అరిచాను.

గరిటె మామ ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. "స్తోత్రం! మాటొచ్చింది!" అని అక్క ఒక్కసారిగా ఏడ్చేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. గరిటె మామ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "మాటతోటి అండీలు గూడ వచ్చినయే!" అని నవ్వాడు. అప్పుడు అర్థమైంది అక్కకు. కళ్లు తుడుచుకుని, "మమ్ముల జూసి భయపడ్డవా తమ్మీ?" అంది. తిట్టినా బాగుండేది. "అబ్బే, లేదండీ... గొంతు నొప్పండీ" అన్నాను. ఆమె వెళ్లి గ్లాసు నిండా వేడి చారు తెచ్చి, "తాగు. గొంతుకు మంచిది" అంది. అబద్ధమని తెలిసే ఇచ్చింది. ఇంజన్ చల్లారేదాకా పొయ్యి పక్కనే కూర్చుని, తలెత్తకుండా తాగాను. తర్వాత గరిటె మామే మూత కొంచెం కొంచెంగా తిప్పి తీసి, నీళ్లు పోసి పంపించాడు. పిన్ని అప్పటికే ఆటోలో ఇల్లు చేరిందట.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడ్డాయి. "అవునక్కా, భయపడ్డాను. ఊరికే భయపడ్డాను" అని ఇప్పుడైతే గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాను. బండి నడుపుతూ ఒక్కణ్ణే చాలాసార్లు చెప్పి చూసుకున్నాను కూడా, బాగానే వస్తోంది. కానీ ఎవరికని చెప్పను? దేవుణ్ణడిగి నాకు మాట ఇప్పించిన మనిషిని, ఆ రోజు పేరైనా అడగలేదు మొద్దావతారాన్ని.