క్యాలెండర్ గడిలో గాలి

2025 మే 29, గురువారం, ఉదయం పదకొండుంబావుకు ఇది మొదలైంది. దయ్యాలనూ శకునాలనూ నేను ఎన్నడూ నమ్మలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి, రుజువు చూపలేని మాట అనకూడదని కాస్త ఎక్కువగానే జాగ్రత్తపడతాను.

వరంగల్‌లో పరిశోధన చేస్తున్నాను. ప్రపంచ వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే నమూనాలు మన ప్రాంతపు గాలులను ఎంత సరిగా చూపుతున్నాయో పరీక్షించడం నా పని. ఈ నమూనాలు గాలుల మొత్తం తీరును చెబుతాయే తప్ప, ఫలానా రోజు ఏం జరుగుతుందో చెప్పవు. వాటి మే 29కీ మన మే 29కీ ఏ సంబంధమూ లేదు.

ఆ ఉదయం, నా పరీక్షలో అట్టడుగున నిలిచిన నమూనాను జాబితా నుంచి తొలగించబోతున్నాను. అంతలో తొర్రూరు దగ్గరి మా ఊరి నుంచి నాన్న ఫొటో పంపాడు. ఇంట్లోని చర్చి క్యాలెండర్ అది. పత్తికి మందు కొట్టేవాళ్లు గాలికి ఎదురు నిలవకూడదు. అందుకని రోజూ పొద్దున గుప్పెడు దుమ్ము ఎగరేసి, గాలి పోయే వైపుకు తేదీ గడిలో బాణం గీయడం ఏడాది పొడవునా ఆయనకు అలవాటైపోయింది.

నా తెర మీద కూడా బాణాలే ఉన్నాయి. మా ఊరు ఉన్న చోట ఆ నమూనా చూపిన మే నెల గాలులు అవి. ఇరవై తొమ్మిది రోజులకు ఇరవై తొమ్మిదీ కలిశాయి. ఫైలు తయారైన తేదీ చూస్తే, నేను ఇంటర్ చదివే నాటిది. చర్చిలో వాక్యం చదివేటప్పుడు నిలబడినట్టు, తెలియకుండానే కుర్చీలోంచి లేచాను.

ఆ ఫైలులోనే తర్వాతి రోజులు చూశాను. మే ముప్పై ఒకటి నుంచి జూన్ పద్నాలుగు దాకా వాన మోసుకొచ్చే పడమటి గాలి లేదు. వానా లేదు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. నాన్న మర్నాడే పత్తి గింజలు పెట్టబోతున్నాడు. అవి ఎండిపోతే మళ్లీ విత్తనం కొనే శక్తి మాకు లేదు. ఫోన్ చేసి, జూన్ సగం దాకా ఆగమన్నాను.

"నీ లెక్కల గట్ల ఉన్నదా బిడ్డా?"

"లేదు నాయినా. లెక్క ప్రకారమైతే నేనీ మాట చెప్పొద్దు."

"అయినా చెప్తానవంటే ఆగుత తియ్యి. ఊరోళ్లు నవ్వుతె నవ్వనియ్యి."

నవ్వారు. మా చిన్నాన్న తన చేనులో గింజలు పెడుతూ, "అన్నా, నీ బిడ్డె గాలికి గూడ పరీక్ష పెడ్తాందట గద. అది పాసైనంకనే పత్తి పెడ్తవా?" అన్నాడట.

రోజూ ఫొటో వచ్చేది. రోజూ బాణం కలిసేది. చిన్నాన్న పెట్టిన గింజలు మట్టిలోనే మాడిపోయాయి. జూన్ 15న నమూనాలో పడమటి గాలి తిరిగి లేచింది. ఆ సాయంత్రమే మా ఊళ్లో వాన పడింది. మర్నాడు నాన్న గింజలు పెట్టాడు.

ఆ రోజు నుంచి బాణాలు కలవలేదు. ఎప్పుడైనా ఒకటి కలిసినా, అది అనుకోకుండా కలిసేదే.

మా గైడ్ సార్ అన్నీ తిరగేసి చూశారు. పొరపాటు ఎక్కడా లేదనీ, అయినా థీసిస్‌లో రాయదగింది ఇందులో ఏమీ లేదనీ అన్నారు. నిజమే. కొలతల ప్రకారం ఆ నమూనా ఇప్పటికీ అట్టడుగునే ఉంది. దాన్ని తొలగించాను. ఆ బాణాలు ఎందుకు కలిశాయో ఇవాళ్టికీ చెప్పలేను.

ఒక్కటి మారింది. తొలగించిన నమూనా పేరు పక్కన ఇదివరకు 'తప్పు' అని రాసేదాన్ని. ఇప్పుడు 'మా కొలతలకు అందలేదు' అని రాస్తున్నాను.